ముడి లేని పొత్తిలి

ఆ వీధిలో ఆవిడకి రుద్దుడు పిన్ని అని పేరు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు లెండి, చాటుగానే. ఎదురుపడితే మాత్రం పిన్నిగారూ అని మర్యాదగా పిలిచి పక్కకు తప్పుకుంటారు, ఆవిడ నోరు అలాంటిది. పొద్దున్న ఏడింటికి వెనక గదిలో నీళ్ళ బాయిలరు వెలిగించిందంటే మధ్యాహ్నం దాకా అరచేతులతో రుద్దుతూనే ఉంటుంది. రుద్దేది ఉన్ని. వడకడం, నేయడం, కుట్టడం ఏవీ లేవు. దువ్విన ఉన్నిని పలచటి పొరలుగా, ఒకటి నిలువు, దాని మీదొకటి అడ్డం చొప్పున బల్ల మీద పరుస్తుంది. వేడి సబ్బునీళ్ళు చిలకరిస్తుంది. పైన దోమతెర గుడ్డ కప్పి రుద్దుతుంది, ఆ తర్వాత చాపలో చుట్టి దొర్లిస్తుంది. అలా చేయగా చేయగా పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టేసుకుని దళసరి బట్టయి కూర్చుంటాయి. దాన్ని ఫెల్ట్ అంటారు. బూట్లలోకి మెత్తలు, టోపీలు, టీ కెటిల్ మీద వేసే తొడుగులు, ఇవీ ఆవిడ చేసేవి.

ఓస్, ఇంతేనా, రుద్దడం ఎవరికి రాదు అనుకున్నారో, పప్పులో కాలేసినట్టే. ఆ పనిలో విద్యంతా ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. రుద్దే కొద్దీ ఉన్ని దగ్గరికి లాక్కుని చిన్నదైపోతుంది. మూడు జానలు పరిస్తే చివరికి రెండు జానలు మిగలాలి. ముందే ఆపేస్తే పోగులు ఊడొస్తాయి, హద్దు దాటితే చెక్కలా బిగిసి, అనుకున్న కొలతకి రాకుండా పోతుంది. ఒకసారి కుంచించుకున్న దాన్ని మళ్ళీ సాగదీసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ముప్ఫై ఏళ్ళ పనిలో పిన్ని అలా దాటించినవి రెండో మూడో. ఎలా తెలుస్తుందండీ అని ఎవరైనా అడిగితే, "నా చేతిని అడగండి, నన్నడక్కండి" అనేది.

పై వాటాలోకి డ్రాయింగ్ మాస్టారు అద్దెకు దిగిన మూడో రోజే ఇద్దరికీ గొడవైంది. ఆయన బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి, నా అన్నవాళ్ళు లేరు. జపాన్ కాగితపు మడతల పిచ్చి ఆయనకి. చేతికి కాగితం దొరికితే మడవకుండా ఉండలేడు. బస్సు టికెట్టు కప్ప అయిపోయేది, కరెంటు బిల్లు పడవ అయిపోయేది. ఒకసారి డాక్టరు రాసిచ్చిన చీటీ చేప అయిపోయి, మందుల షాపువాడు దాన్ని విప్పలేక తల పట్టుకున్నాడు. అలాంటాయన కిందికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మీ ఆవిరికి నా కాగితాలన్నీ మెత్తబడిపోతున్నాయండీ."

"కిటికీ మూసుకోండి."

"మూస్తే గాలాడదు కదమ్మా."

"అయితే కాగితాలు మానేసి ఇనుప రేకులు మడవండి. వాటికి ఆవిరి పట్టదు."

మాస్టారు నొచ్చుకోలేదు. ఆయన చూపు అప్పటికే బల్ల మీద సగం పట్టిన ఉన్ని మీద పడింది. వేలితో మెల్లగా నొక్కి, "ఇది మడత పడుతుందా?" అనడిగాడు.

"ఉన్ని మడత పడదు మాస్టారూ. మీ కాగితంలా చెప్పిన మాట వినే రకం కాదు."

అంతే. ఆ ఒక్క మాటకి ఆయన ఏడాదిన్నర పాటు ఆ వెనక గది వదల్లేదు.

మొదట్లో అంతా నవ్వులాటే. పూర్తిగా తయారైన ఫెల్ట్‌ని మడిస్తే అది బద్ధకంగా మళ్ళీ లేచి కూర్చునేది. సరే, సగం పట్టినప్పుడే మడిచి, ఆ మడత మీదే రుద్ది చూద్దామన్నాడు మాస్టారు. పెట్టెలా మడిచారు, రుద్దారు, సాయంత్రం దాకా దొర్లించారు. తీరా విప్పబోతే విప్పడానికి మడతే లేదు. పొరా పొరా ఒకటైపోయి పెట్టె కాస్తా ఇటుక అయింది. మాస్టారు దాన్ని చాకుతో తెరవబోయి వేలు కోసుకున్నాడు. అంత నొప్పిలోనూ "జపాన్ వాళ్ళు ఏం చేస్తారంటే" అని మొదలుపెట్టాడు. "ఆ జపాన్ వాళ్ళకి ఇల్లూ వాకిలీ లేవా, ఎప్పుడూ మడతలేనా?" అని కసిరి, పిన్నే గుడ్డ ముక్క తెచ్చి ఆ వేలికి కట్టు కట్టింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చింది. మడతకీ మడతకీ మధ్య పలచటి ప్లాస్టిక్ కాగితం పెడితే పొరలు కలవవు. మిగతా అంతటా నాలుగు పొరల ఉన్ని వేసి, మడత రావలసిన గీతల మీద మాత్రం రెండే వేస్తే, అక్కడ తలుపు బందు పెట్టినట్టు వంగుతుంది. కోతలు కూడా సగం పనిలోనే పెట్టాలి. అప్పుడైతే కోసిన అంచు రుద్దుడుకి మూసుకుని నున్నగా వస్తుంది, పూర్తయ్యాక కోస్తే అంచు పచ్చిగా కనబడుతుంది. కోతల విషయంలో మాస్టారిది ఉడుంపట్టు. ఆయన నేర్చుకున్న పద్ధతిలో ఎన్ని కోతలైనా పెట్టొచ్చుగానీ ఒక్క ముక్క కూడా విడిపోయి కింద పడకూడదు. పిన్నికి ఆ నియమం ఎందుకో చాలా నచ్చింది. నచ్చిందని మాత్రం ఆయనతో అనలేదు.

అన్నిటికంటే ఏడిపించింది చతురస్రం. కాగితం నాలుగు వైపులా సమానంగా దొరుకుతుంది. ఉన్ని అలా కాదు, ఏ వైపు ఎక్కువ దొర్లిస్తే ఆ వైపు ఎక్కువ లోపలికి పోతుంది. వేలెడు తేడా వచ్చినా చివరి మడత దూరదు. ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది. చివరికి, చాపని నాలుగు వైపుల నుంచీ నలభై నలభై సార్లు దొర్లించాలని తేల్చుకున్నారు. పిన్ని దొర్లించేది. మాస్టారు స్టూలు మీద కూర్చుని పైకి లెక్కపెట్టేవాడు, బడిలో హాజరు పిలిచినంత గంభీరంగా.

అలా కుదిరింది ఒక పొట్లం. జపాన్‌లో దారాలూ మందుపొడీ పెట్టుకునే కాగితపు పొట్లం నుంచి తీసుకున్నానని మాస్టారు చెప్పాడు. చతురస్రానికి నాలుగు మూలలు, వాళ్ళ మాటలో చెవులు. ఒకదాని మీదొకటి మడుచుకుంటూ వచ్చి, నాలుగో చెవిని మొదటిదాని కిందికి దోపితే చాలు, అదే నిలబడుతుంది. ముడి లేదు, బొత్తం లేదు, కుట్టు లేదు. ఒక్క చేత్తో విప్పొచ్చు, ఒక్క చేత్తో మూయొచ్చు. ఇద్దరూ దాన్ని బల్ల మీద పెట్టుకుని రోజంతా మురిసిపోయారు. దాన్ని దేనికి వాడాలో మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

దేనికో చెప్పింది ప్రసూతి వార్డు నర్సమ్మ. పగలంతా నిలబడే ఉద్యోగం, కాళ్ళు పీకుతున్నాయని బూట్ల మెత్తల కోసం వచ్చింది. మెత్తలు కట్టించుకుంటూ ఆ పొట్లాన్ని చేతిలోకి తీసుకుంది. విప్పింది, మూసింది. మళ్ళీ విప్పింది.

"పిన్నిగారూ, ఇది పెద్దది చేస్తారా? ఇంత." రెండు చేతులూ ఎడం చేసి చూపించింది.

"చేస్తా. ఏం పెట్టుకుంటావమ్మా అందులో?"

నర్సమ్మ పొట్లాన్ని బల్ల మీద పెట్టింది. చనిపోయి పుట్టిన పసివాళ్ళని చుట్టడానికి తమ దగ్గర ప్రత్యేకంగా ఏమీ ఉండదని చెప్పింది. చేతికందిన తువ్వాల్లో చుట్టి ఇచ్చేస్తారట. దాని మీద ఆసుపత్రి ముద్ర ఉంటుంది. తల్లులు ఆ ముద్రనే చూస్తూ కూర్చుంటారు. "పిన్నీసులు గుచ్చడానికి మాకు చేతులు రావు. ముడి వేస్తే వాళ్ళు విప్పుకోలేరు. చూసుకోవాలని ఉంటుంది కదండీ, పాపం."

పిన్ని చేతిలో మెత్తలు అలాగే ఉండిపోయాయి. అంత నోరున్న మనిషికి మాట రాకపోవడం మాస్టారు అదే మొదటిసారి చూశాడు.

ఆవిడ సంగతి మాస్టారికే కాదు, ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ముప్ఫై రెండేళ్ళ కింద ఆవిడకి తొలి కాన్పు. మగపిల్లాడు. ఏడవలేదు. ఆవిడ తల ఎత్తేలోపే స్టీలు ట్రేలో పెట్టి, పైన పాత వార్తాపత్రిక కప్పి పట్టుకుపోయారు. ఆవిడ చూసింది ఆ పేపరు మూల ఒక్కటే, తలుపు దాటుతుంటే గాలికి కాస్త పైకి లేచింది. ఒక్కసారి చూపించండి అని అడిగితే, "వద్దమ్మా, చూస్తే మర్చిపోలేవు" అన్నారు. చూడలేదు. మర్చిపోనూ లేదు. ఎవరి పోలికో, జుట్టుందో లేదో, ఏదీ తెలియని బిడ్డని ఏమని తలుచుకోవాలి? ఆ పేపరు మూలనే తలుచుకుంటూ బతికింది. మొగుడు మంచివాడే, కాకపోతే ఆ మాటెత్తితే చాలు లేచి బయటికెళ్ళిపోయేవాడు. ఆయనా పోయి ఏడేళ్ళైంది. తర్వాత పుట్టిన ఆడపిల్లకి ఎప్పుడో ఒకసారి చెప్పింది, అదీ సగమే.

ఆ మర్నాటి నుంచీ వెనక గదిలో టోపీలు వెనకబడ్డాయి. నర్సమ్మ కొలతలు తెచ్చింది. నెలల్ని బట్టి నాలుగు కొలతలు పెట్టుకున్నారు. మాస్టారు ముందు పెద్ద కాగితాల మీద మడిచి చూపించేవాడు, పిన్ని దానికి ఒకటిన్నర రెట్లు ఉన్ని పరిచేది. మొహం దగ్గర ఒక కోత పెడదామని ఆయనే అన్నాడు. మూడు వైపులా కోసి నాలుగో వైపు వదిలేసిన చిన్న రెక్క అది. ఎత్తితే మొహం కనబడుతుంది, వదిలితే మూసుకుంటుంది. పసిగుడ్డుల్ని చుట్టే గుడ్డని పొత్తిలి అంటారు కదా, పిన్ని దీన్నీ పొత్తిలి అనే అంది, వేరే పేరు పెట్టనివ్వలేదు. వార్డుకి వెళ్ళి నర్సులందర్నీ కూర్చోబెట్టి మడతలు నేర్పింది. నేర్పి, చివర్లో వేలు చూపించి మరీ చెప్పింది.

"విప్పేది తల్లి, మూసేదీ తల్లి. ఎన్నిసార్లు విప్పినా, ఎంతసేపు చూసుకున్నా మీరు మధ్యలో చెయ్యి పెట్టారంటే ఊరుకోను."

మూడేళ్ళు అలా గడిచాయి. కూతురికి నెల తప్పిందని తెలిసిన రోజున పిన్ని మొదట చేసిన పని ఏమిటో తెలుసా? ఇంట్లో తయారుగా ఉన్న పన్నెండు పొత్తిళ్ళూ మూటగట్టి ఆసుపత్రికి ఇచ్చేసింది. కాగితం నమూనాలన్నీ పై వాటాకి పంపేసింది. "ఇంకో ఏడాది దాకా నన్నడక్కండి" అని నర్సమ్మకి చెప్పేసింది. నర్సమ్మ అర్థం చేసుకుంది.

కూతుర్ని చిన్నప్పటి నుంచీ పిచ్చుక అంటుంది, కుదురుగా ఒక చోట కూర్చోదనీ నోరు మూయదనీ. కాపురం రెండు వీధుల అవతలే. అల్లుడు ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తాడు, నెమ్మదస్తుడు. ఆఫీసు అవగానే పిచ్చుక వెనక గదిలోకొచ్చి స్టూలు మీద కూర్చునేది, మాస్టారేమో మూలనున్న బకెట్టు బోర్లించుకుని దాని మీద సర్దుకునేవాడు.

"అమ్మా, టోపీ చేశావా?"

"చేశా. ఏడు."

"ఒక్క తలకి ఏడు టోపీలా?"

"నీ కడుపున పుట్టేది నీలాగే ఇక్కడ పెట్టింది అక్కడ పారేసుకుంటుందిగా. ఏడున్నా చాలవు."

పిచ్చుక పకపకా నవ్వేది. పిన్ని నవ్వకుండా నీళ్ళు వంపుకునేదిగానీ, ఆ ఏడు నెలలూ ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. నలుగురితోనూ మెత్తగా మాట్లాడింది. వీధిలోవాళ్ళు ఈవిడకేమైందని చెవులు కొరుక్కున్నారు.

ఎనిమిదో నెల సగంలో ఒక సాయంత్రం పిచ్చుక నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పింది. "నిన్నటి నుంచీ కదలట్లేదమ్మా."

ఆసుపత్రిలో స్కాన్ చేసిన డాక్టరమ్మ అదే చోట మళ్ళీ మళ్ళీ చూసింది. తర్వాత తెరని తన వైపుకి తిప్పేసుకుంది. బిడ్డ గుండె ఆగిపోయిందమ్మా, అయినా కాన్పు కావలసిందే అని చెప్పారు. కావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ ఒకటిన్నర రోజూ పిన్ని కూతురి చెయ్యి వదల్లేదు. చివర్లో, పొద్దున్న తొమ్మిదింపావుకి, నర్సమ్మ బిడ్డని రెండు చేతుల్లోకి తీసుకున్నప్పుడు మాత్రం గోడ వైపు తిరిగింది.

"బాబు" అంది నర్సమ్మ మెల్లగా. "నలభై నాలుగు సెంటీమీటర్లు. సాయంత్రం నాలుగింటి దాకా మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ తర్వాత తీసుకెళ్ళాలి."

పిన్ని మనసు ఆ నలభై నాలుగు మీదే నిలిచింది. గోడ వైపే చూస్తూ సంచీ అందుకుంది. "నేను వెళ్ళొస్తా. వాడికి పొత్తిలి చెయ్యాలి."

"పిన్నిగారూ, మీరిచ్చినవి బీరువాలో ఉన్నాయి కదా. ఈ కొలతవీ ఉన్నాయి."

"అవి ఎవరెవరికోసమో చేసినవి. నా మనవడికి నేను వేరే చేస్తా. మెత్తటి ఉన్ని దాచిపెట్టా. నాలుగు లోపల తెచ్చేస్తా."

"ఉండమ్మా" అంది పిచ్చుక. "ఏదో ఒకటిలే. నువ్వుండు."

పిన్ని వినబడనట్టే వెళ్ళిపోయింది. వినబడింది. ఆ మాట ఇవాళ్టికీ వినబడుతూనే ఉంది ఆవిడకి.

ఇంటికొచ్చి బాయిలరు వెలిగించేసరికి పది. మాస్టారు మెట్లు దిగొచ్చాడు, ఆవిడ "నలభై నాలుగు" అనగానే ఏమీ అడక్కుండా పైకెళ్ళి ఆ కొలత నమూనా కాగితం తెచ్చాడు. దానికి ఒకటిన్నర రెట్లు, నిలువొకటీ అడ్డమొకటీ నాలుగు పొరలు, మడత గీతల మీద రెండు. దువ్విన ఉన్ని తెల్లగా, చేతికి తగిలీ తగలనట్టుంది. పిన్ని ఎప్పుడూ లేనంత శ్రద్ధగా పరిచింది. నీళ్ళు చిలకరించింది, తెర కప్పి రుద్దింది. పదకొండున్నరకి సగం పట్టింది. మొహం దగ్గర రెక్క కోసింది. మడతల మధ్య ప్లాస్టిక్ పెట్టి చాప చుట్టింది. ఇక నాలుగు నలభైలు, ఆ తర్వాత పిండి, తువ్వాళ్ళ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే రెండున్నరకల్లా ఆరిపోతుంది. మూడుకి ఆసుపత్రిలో ఉండొచ్చు.

మాస్టారు స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టాడు. లెక్క తప్పలేదు. ఒక వైపు నలభై, తిప్పింది. రెండో వైపు నలభై. మూడో వైపు. నాలుగో వైపు. "నలభై. అయిందమ్మా."

పిన్ని చాప విప్పలేదు. మళ్ళీ మొదటి వైపుకి తిప్పి దొర్లించింది. పోనీ, ఇంకాస్త గట్టిపడాలేమో అనుకున్నాడు మాస్టారు. మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. రెండో చుట్టూ అయిపోయింది. "అమ్మా, చాలమ్మా." ఆవిడ వేడినీళ్ళు తెచ్చి పోసింది, మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. మళ్ళీ తిప్పింది. ఆయన ఇంకోసారి చాలన్నాడు. ఆ తర్వాత అనలేదు. లెక్కపెట్టడమూ ఆపేశాడు. లేచి ఆవిడ చేతులు పట్టుకుని ఉండాల్సింది అంటారేమో, ఎలా పట్టుకుంటాడు? ఆవిడ కళ్ళ నుంచి ధారగా కారుతోంది, తుడుచుకోవడం లేదు, చేతులు ఖాళీ లేవు.

చాప విప్పేసరికి గడియారం మూడు దాటింది. నాలుగు జానలు ఉండాల్సింది రెండున్నర లేదు. దళసరిగా, బిర్రుగా, వంచితే వంగనంటోంది. నలభై నాలుగు సెంటీమీటర్ల బిడ్డ అందులో సగం కూడా పట్టడు. పిన్ని దాని మీద అరచెయ్యి వేసుకుని నిలబడింది.

"నేను గట్టిగా చెప్పాల్సిందమ్మా" అన్నాడు మాస్టారు.

"మీరు చెప్పారు మాస్టారూ."

దాన్ని అలాగే తడిగా సంచీలో వేసుకుని పరుగులాంటి నడకతో బయల్దేరింది. ఆసుపత్రి చేరేసరికి నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ. వార్డు చివర విడిగా ఒక గది. బయట బెంచీ మీద అల్లుడు కూర్చుని ఉన్నాడు, ఆవిడ్ని చూసి లేచాడు. "పొద్దుట్నుంచీ మిమ్మల్నే అడుగుతోంది అత్తయ్యా" అన్నాడు. కోపంతో అనలేదు, అలసిపోయి అన్నాడు. కోపంతో అన్నా బాగుండేది.

పిచ్చుక మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో బూడిదరంగు పొత్తిలి. పన్నెండింటిలో ఒకటి. పిన్ని గుమ్మం దాటలేదు.

"ఎక్కడికెళ్ళిపోయావమ్మా ఇన్ని గంటలు?" అంది పిచ్చుక. "ఆరుసార్లు విప్పాను. ఆరుసార్లు మూశాను. ఎవరూ ఏమీ అనలేదు. చేతులు చూశా, చెవులు చూశా. అన్నీ ఉన్నాయమ్మా. గోళ్ళు కూడా వచ్చేశాయి. నీకు చూపిద్దామంటే నువ్వు లేవు."

సంచీ నుంచి నీళ్ళు కారి చెప్పుల దగ్గర మడుగు కడుతున్నాయి. పిచ్చుక అటు చూసింది. "ఏంటది?"

పిన్ని తీసి చూపించింది. "వాడికే చేశానే. దాటిపోయింది. చిన్నదైపోయింది."

"నీకు దాటిపోవడమేంటమ్మా? నీ చేతికి తెలుస్తుందిగా."

"తెలిసింది. మాస్టారూ చెప్తూనే ఉన్నారు. ఆపలేదంతే." పిన్ని ఆ ముక్కని రెండు చేతులా పట్టుకుంది. "ఆపితే అయిపోతుంది కదే. అయిపోతే తీసుకురావాలి. తీసుకొస్తే వాణ్ణి అందులో పెట్టి పంపించేయాలి. రుద్దుతున్నంతసేపూ ఇంకా వాడికేదో చేస్తున్నట్టే ఉంది. చూడ్డానికి భయమేసిందే తల్లీ. ముప్ఫై అయిదేళ్ళు చూపించలేదని ఏడ్చినదాన్ని, చూడమంటే పారిపోయా."

పిచ్చుక ఏడ్చింది. ఒకటిన్నర రోజులో ఏడవనంత గట్టిగా ఏడ్చింది. తర్వాత మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చింది. "రా. ఇలా వచ్చి కూర్చో."

పిన్ని కూర్చుంది. పిచ్చుక మొహం మీది రెక్క ఎత్తింది. చిన్న ముక్కు. పెదవులు నల్లబడ్డాయి. నుదుటి మీద తడిసి అంటుకుపోయిన జుట్టు, చాలా ఉంది. కనుబొమలు అచ్చం పిచ్చుకవే, నిద్రలో విసుక్కుంటున్నట్టు కాస్త ముడిపడి ఉన్నాయి. "నా తండ్రే" అంది పిన్ని. "నా బంగారు తండ్రే." వేలితో ఆ కనుబొమని నిమిరింది. ఇంకో బిడ్డ కనుబొమలు ఎలా ఉండేవో ఆవిడకి ఎన్నటికీ తెలియదు. ఇవి తెలుసు.

"కాళ్ళు చల్లగా ఉన్నాయమ్మా" అంది పిచ్చుక. "పొద్దుట్నుంచీ పట్టుకునే ఉన్నా. వేడెక్కట్లేదు."

పిన్ని ఆ బిర్రు ముక్కని తువ్వాల్లో పెట్టి బలమంతా ఉపయోగించి పిండింది. పిండి, కాసేపు తన కడుపుకి అదిమిపట్టుకుని కూర్చుంది. "ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది" అంది, వెనక గదిలో ఎవరికో పని నేర్పుతున్నట్టు. పిచ్చుక పొత్తిలి కింది చెవి విప్పింది. ఇద్దరూ కలిసి ఆ రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి ఆ బిర్రు ముక్కలో పెట్టారు. ఒక చెవి మడిచారు, రెండోది మడిచారు, మూడోది మడిచారు. నాలుగోది దూరలేదు, మరీ బిగిసిపోయి ఉంది. పిచ్చుక దాన్ని వేళ్ళతో అదిమి పట్టుకుంది. ఆ వేళ్ళ మీద పిన్ని చెయ్యి వేసింది.

నాలుగైంది. నర్సమ్మ గుమ్మంలోకొచ్చి గడియారం వైపు చూసింది.

"ఇంకో పది నిమిషాలు సిస్టర్" అంది పిచ్చుక. "మా అమ్మ ఇప్పుడే వచ్చింది."

నర్సమ్మ ఇరవై ఇచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ అయిపోయాయి.